గొర్లు నీడకు చేరే వేళ

మార్కాపురం ఆస్పత్రి మందుల గదిలో కేథరిన్‌ది పదకొండేళ్ల అనుభవం. ఒక మందు అయిపోతే బదులు ఏదివ్వాలో ఆమెకు కొట్టిన పిండి. రాచర్ల నుంచి వచ్చి థైరాయిడ్ గడ్డ తీయించుకున్న నాగేంద్రమ్మకు డాక్టర్ బాలకృష్ణ కాల్షియం సిట్రేట్ రాసిన రోజు, అది స్టాకులో లేదు. కేథరిన్ డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, మోతాదు సరిచూసి కార్బొనేట్ మాత్రలిచ్చింది.

మూడోనాడు పొద్దున నాగేంద్రమ్మ కోడలు భాగ్య మందుల కిటికీ దగ్గరకు పరుగున వచ్చింది.

"అక్కా, మా అత్తకు మూతి చుట్టూ చీమలు పాకినట్టుందంట. వేళ్లు కొంకర్లు పోతన్నాయి. డాక్టరు వచ్చి సూది మందు ఎక్కిస్తన్నాడు. నువ్విచ్చిన మాత్రలు మంచియేనా?"

కేథరిన్ లేచి కిటికీ దగ్గరకొచ్చింది. "మాత్రలు ఎట్ల ఏయిస్తన్నావు?"

"పరగడుపునే. థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, ఇదీ, అన్నీ ఒక్కసారే. రాత్రిది కూడా తినకముందే."

అవి ఒంట్లో కాల్షియం తగ్గిన గుర్తులు. కార్బొనేట్ అన్నంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది, కడుపులో పులుపు ఉండాలి. గ్యాస్ మాత్ర ఆ పులుపునే తగ్గిస్తుంది; సిట్రేట్‌కైతే ఆ బెడద లేదు. పైగా కాల్షియం పక్కనుంటే థైరాయిడ్ మాత్ర సరిగా పనిచేయదు. చీటీలో ఆ రెండు మందులూ ఉన్నాయి. మాత్రలిచ్చిన రోజు కేథరిన్ వాటిని చూసింది కూడా. ఎప్పుడెప్పుడు వేయాలో మాత్రం చెప్పలేదు.

నేరుగా వార్డుకెళ్లి డాక్టరుతో, "సార్, పొరపాటు నాది," అంది.

బాలకృష్ణ సెలైను చుక్కలు సరిచేస్తూ అన్నాడు, "ఫోన్లో సరేనన్నది నేనే గదా. సిట్రేట్ ఎక్కడుందో చూడమ్మా."

నాలుగు దుకాణాలకు ఫోన్ చేస్తే గిద్దలూరులో దొరికింది. దుకాణమాయన బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపినాడు. మధ్యాహ్నానికి కేథరిన్ డబ్బా పట్టుకుని నాగేంద్రమ్మ మంచం దగ్గర కూర్చుంది.

"పెద్దమ్మా, తెల్లారి థైరాయిడ్ మాత్ర ఒక్కటే. ఈ కాల్షియం మధ్యాహ్నం ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి. రెండూ కలపగాకు."

"గొర్లకాడ నాకు గడియారమేడుంటది తల్లీ?"

"మిట్టమధ్యాహ్నం గొర్లు నీడకు చేరతాయి గదా, అప్పుడేసుకో."

నాగేంద్రమ్మ నవ్వింది. "అదైతే మర్సిపోను."

నాలుగు రోజులకు రక్త పరీక్షలో కాల్షియం సరిగానే ఉందని తేలింది. ఇంటికి పోయే ముందు నాగేంద్రమ్మ మందుల కిటికీ దగ్గర ఆగింది.

"తప్పు నీదేనని డాక్టరుకు నువ్వే చెప్పినావంట గదా. భయం కాలేదా?"

"అయింది పెద్దమ్మా," అంది కేథరిన్.