క్యాబేజీ పురుగు

టైలరమ్మ డాబా మీద పెంచుకుంటున్న క్యాబేజీ ఆకులను పచ్చపురుగులు జల్లెడ చేసేశాయి. ఆ సంగతి తెలిసి, కింది వాటాలో ఉండే నర్సు పిన్ని రోజూ సాయంత్రం పైకి రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఆకులు తిరగేసి, పురుగులను ఏరి సబ్బునీళ్ల మగ్గులో వేసేవారు. చేతులు పురుగుల మీద, నోళ్లు ఊరందరి మీద.

"ఎన్నాళ్లని ఏరతావే? వేపనూనె కొట్టు, పీడ విరగడవుతుంది," అంది పిన్ని ఒకరోజు.

టైలరమ్మది ఏ పనైనా అంతు చూస్తేగాని వదలని రకం. ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టింది. పురుగు అన్నది లేకుండా పోయింది.

"ఇంక నాతో పనేముందిలే," అని పిన్ని నవ్వుతూ మెట్లు దిగింది. మళ్లీ ఎక్కలేదు. ఊరికే రమ్మని పిలవడానికి టైలరమ్మకు నోరు రాలేదు. సాయంత్రాలు మిషను చప్పుడుతోనే గడిచిపోయాయి.

ఇవాళ నీళ్లు పోస్తుంటే, ముదురాకు మీద బియ్యపుగింజంత పురుగు కనిపించింది. టైలరమ్మ దాన్ని గోటితో మెల్లగా తీసి, లేతాకు మీదికి మార్చింది.

"కాస్త తొందరగా పెరుగు," అంది. "పిన్నిని పిలవాలి."