దాసుగారి సంతాపసభ

సంతాపసభలో రైసుమిల్లు జగన్నాధం మైకు ముందుకొచ్చిన క్షణం నుంచీ త్రిపురసుందరి అతని చేతుల్నే చూస్తోంది.

పోయింది ఆమె తండ్రి, హరికథలు చెప్పే జానకిరామయ్య దాసుగారు. చీపురుపల్లి దగ్గర ఆ ఊళ్ళో శ్రీరామనవమి తొమ్మిది రోజులూ కథ చెప్పే హక్కు వాళ్ళింటిదే. ఏడాది గ్రాసం అందులోంచే రావాలి. మగపిల్లలు లేరు. తండ్రి దగ్గరే చిడతలు పట్టిన త్రిపురసుందరి చుట్టుపక్కల ఊళ్ళలో కథలు చెప్పి మెప్పించింది. "మీ తరవాత నవమి కథలు అమ్మాయివే దాసుగారూ" అని ఆయన చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని మాటిచ్చింది, గుడి కమిటీ ప్రెసిడెంటయిన ఈ జగన్నాధమే. ఆ మాటే ఇవాళ నలుగురిలో చెప్తాడని తల్లీ కూతుళ్ళు కాచుకుని కూర్చున్నారు.

అరవయ్యేడు ఎన్నికల్లో పార్టీ తరఫున ఊరూరా మాట్లాడాల్సొచ్చినప్పుడు ఈ పెద్దమనిషి రెండు ముక్కలు చెప్పి దిగిపోయేవాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక పంచె గోక్కునేవాడు. దాసుగారే వీధరుగు మీద నిలబెట్టి నేర్పారు. "ముందు నోరెత్తకు, జనాన్ని చూడు. దుఃఖం ఉన్నచోట గొంతు పెంచకు బాబూ, దించు. వాళ్ళంతట వాళ్ళే ముందుకి వంగుతారు. చెయ్యి గుండెకి తగిలించకు, జానెడు ఇవతల ఆపు." అడిగినవాడికి విద్య లేదనకూడదని ఆయన పిచ్చి. పాముకి పాలు పోశారు.

జగన్నాధం ముందు జనాన్ని చూశాడు. గొంతు దించాడు. పందిరిలో అందరూ ముందుకి వంగారు. చెయ్యి గుండెకి జానెడు ఇవతల ఆగింది. ఛీ! పోయినాయన విద్యని ఆయన ఫొటో ముందే అమ్ముకుంటున్నాడు.

"ఆ గొంతు మళ్ళీ వస్తాదా? ఆ గజ్జె మళ్ళీ మోగతాదా? ఆయన నిలబడ్డ సోట ఇంకొకలు నిలబడితే ఆయనకి అవమానం కాదా? అందుకే సెప్తన్నాను, ఇకమీదట మన నవమికి హరికథ ఉండదు." ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగాడు. "ఆయన పేరు మీద నాటకాలాడిద్దాం."

నాటకాల కంపెనీ జగన్నాధం బావమరిదిది. ఆ సంగతి తెలిసినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు. తల్లి జగదీశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని, "మీ నాన్నగారి గురించి ఎంత బాగా చెప్పాడే!" అంది. త్రిపురసుందరికి ఒళ్ళు మండిపోయింది.

లేచి మైకు దగ్గరకెళ్ళింది. ఒక్కసారి గొంతు దించితే ఈ జనం తన వెనకే వస్తారు. ఆ విద్య ఆమెకి జగన్నాధం కంటే పదింతలుంది. కానీ వాడు ఎంగిలి చేసిన కంచంలో చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. చేతులు కిందకి వదిలేసి, సంతలో ధర అడిగే గొంతుతో చెప్పింది.

"నవమి కథలు నాకే ఇప్పిస్తానని ప్రెసిడెంటుగారు మా నాన్నకి మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోమనండి. మాకు వేరే బతుకుతెరువు లేదు."

జగన్నాధం తల వంచుకుని, జనానికి కనబడేట్టు ఒక పక్కకి తిరిగి, ఆమె నెత్తిన చెయ్యి వేశాడు. పందిరంతా అయ్యో అంది, జగన్నాధాన్ని చూసి.

"తండ్రి పోయి నెల తిరగనేదు, కంట సుక్క నేదు సూడే," అంది ముందు వరసలో బుల్లమ్మ, అందరికీ వినబడేట్టు. "ఆ బాబు ఏడుస్తన్నాడు. కన్నకూతురికి బతుకుతెరువు కావాలంట!"

జగదీశ్వరి గబగబా వచ్చి కూతురి రెక్క పట్టుకుంది. "ఇంటికి పద. నా పరువు తీశావు" అంది.