చీమలు పోయిన ఇల్లు

రాజమణి చేతి బంగారు గాజు బావిలో పడింది.

ఎవరూ లాగలేదు, దేనికీ తట్టుకోలేదు. బొక్కెన పైకి రాగానే అందుకోవడానికి వంగి చెయ్యి చాపింది. గాజు దానంతటదే వేళ్ల మీదుగా జారి, బొక్కెన అంచుకు టింగుమని తగిలి లోపలికి పోయింది. పెళ్లయిన కొత్తలో ఎక్కించిన గాజు అది. సబ్బు నురగ పెట్టినా రాలేదు, ఆముదం పూసినా రాలేదు. కోసి తియ్యాల్సిందే తప్ప వేరే మార్గం లేదని కంసాలి కూడా చేతులెత్తేశాడు.

రాజమణి బావిగట్టు మీద చతికిలబడింది. అయిదోతనపు గాజు అలా జారిపోతే ఏమనుకోవాలి? హనుమకొండకు పోయిన మొగుడి దగ్గర్నుంచి కబురు లేక ఎన్నాళ్లో అయింది.

"చెప్పిన్నా లేదా!" అరుగు మీద నుంచి అత్త భద్రమ్మ గొంతు లేచింది. "నీకెవలో చేసిన్రు పిల్లా. ఇది బానామతే! మనిషివి మనిషివి కరిగిపోతానవ్. నిన్న చూసినంత ఇయ్యాల లేవు."

అత్త మాట కొట్టిపారేయడానికి లేదు. రవిక భుజాల మీద నిలవడం లేదు. చీర కుచ్చిళ్లు ఎన్ని పోసినా ఇంకా బట్ట మిగులుతోంది. తనను తాను తడుముకుంటే వేరే ఎవరినో తడుముతున్నట్టుంటోంది.

ఏడాది కింద రాజమణి లేవాలంటే ఇద్దరు చెరో రెక్క పట్టుకునేవాళ్లు. మోకాళ్లు పట్టేసేవి, పాదాలు పొంగేవి, గడప దాటితే ఆయాసం. కడివెడు తాగినా దాహం తీరేది కాదు. జగపతిరావు దొర భార్యను మేనాలో ఎక్కించి జనగామలో ఒక హకీం దగ్గరికి పంపించాడు, తోడుగా తల్లిని కూడా. హకీం నాడి చూశాడు, నాలుక చూశాడు, తర్వాత మెల్లగా అడిగాడు.

"అమ్మా, నువ్వు ఒంటికి పోయిన కాడ చీమలు పడతానయా?"

రాజమణి సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కుంది. భద్రమ్మ మాత్రం తల ఎగరేసింది. "మా ఇంట్ల చీమలకు కొదువేంది సాబ్? లక్ష్మి ఉన్న ఇల్లు."

హకీం నవ్వాపుకొని గడ్డం నిమురుకున్నాడు. "ఇది శక్కర్ బీమారి. పోయేది కాదు తల్లీ. పొడిచే బర్రెను కట్టేసుకున్నట్టు కట్టేసి పెట్టుకోవాలె. మందు ఇస్త గని, ఇంకో మాట. దినానికి ఒక్క పనికి మనిషిని పిలవకు. ఒక్కటే. అది అలవాటైనంక ఇంకొకటి. గుట్ట మొత్తం చూసి పరేషాన్ గావొద్దు."

దొరసానిని పట్టుకొని పని చేసుకొమ్మంటాడా! తిరిగి వచ్చే దారంతా రాజమణి మేనాలో కూర్చొని ఏడ్చింది. కింద బోయీలు రొప్పుతూనే ఉన్నారు. ఆ చప్పుడు ఆమె చెవికి ఎక్కలేదు.

ఆ దసరా దాటాక ఊళ్లోకి సంగం వచ్చింది. దొర గడీ పనికి వెట్టిగా ఎవరూ పోవద్దన్నారు, పిలిస్తే కూలి అడగమన్నారు. "నా ఇంట్ల పనికి కూలా?" అని దొర మీసం మెలేశాడు. గరిసెల్లోని వడ్లు ఊరి జనం పంచుకున్న రోజు ఆ మీసం దిగింది. తెల్లారేసరికి బండి కట్టించుకొని హనుమకొండకు పోయాడు. ఎగుడుదిగుడు దారిలో బండి కుదుపుకు రాజమణి మోకాళ్లు ఆగవు, మేనా మోసే బోయీలను పంపిస్తానన్నాడు. గడప దాటేది లేదని భద్రమ్మ భీష్మించుకుంది. బోయీలు రాలేదు. మేనా ఇంట్లోనే చూరుకు వేలాడుతోంది. మోసేవాళ్లే లేరు.

మొదటి రోజుల్లో రాజమణి మంచం దిగలేదు. దిగితే ఎన్ని పనులని! వాకిలి, నీళ్లు, పొయ్యి, అంట్లు, గొడ్ల చావడి, అత్తకు వేడినీళ్లు. ఏది ముందో ఏది వెనుకో తోచేది కాదు. మళ్లీ పడుకునేది. చివరికి ఆమెను లేపింది దాహం. గొంతు పిడచకట్టుకుపోయి బావి దాకా గోడ పట్టుకొని నడిచింది. అప్పుడు హకీం మాట గుర్తుకొచ్చింది, కోపంతోనే. ఒక్కటే అన్నాడు కదా, సరే ఒక్క బొక్కెన, అనుకుంది. చేదింది. ఆ పూటకు అంతే. తాగి పడుకుంది.

తర్వాత ఆ ఒక్క బొక్కెనకు ఇంకొకటి తోడైంది. సన్నబియ్యం లేవు కాబట్టి జొన్న గట్క. నెయ్యి గిన్నె అడుగు కనబడింది కాబట్టి మజ్జిగ. పొద్దూకులా నమిలే బెల్లం అరిసెలు చేసిపెట్టే మనిషే లేదు. తిన్న కంచం కడిగేవాళ్లు లేక తిన్నాక ఒరిగే అలవాటు పోయింది. ఇవేవీ ఆమె మంచికని చేసినవి కావు. గతిలేక చేసినవి. అందుకే ఒంట్లో వచ్చిన మార్పు మంచిదో చెడ్డదో ఆమెకు అంతుపట్టలేదు. ఆయాసం తగ్గింది, నిజమే. మరి ఒళ్లెందుకు పోతోంది? తమ ఇళ్లలో మనిషి చిక్కిపోయిందంటే చావుకు దగ్గరైనట్టే లెక్క.

దానికి తోడు చీమలు. పెరట్లో స్నానానికీ ఒంటికీ పోయే జాలాట దగ్గర ఎప్పుడూ బారులు కట్టే చీమలు కనబడటం మానేశాయి. భద్రమ్మ కర్రతో రాళ్లు కదిలించి మరీ వెతికింది. "చీమలు సుత పోయినయ్. లక్ష్మి పోయింది. ఇగ మిగిలింది మనమే," అని ముక్కు చీదింది.

గాజు పడిన రోజే చాకలి బుచ్చమ్మ వచ్చింది. ఒకప్పుడు ఈ బావి నీళ్లన్నీ ఆమె రెక్కల మీదుగానే ఇంట్లోకి నడిచేవి. ఇప్పుడు పనికి రాదు, ఊరికే వస్తుంది. ఊరికే రావడంలో ఆమెకు ఏదో రుచి తగిలింది.

"బాయిల ఏం ఎతుకుతానవ్ దొరసాని?"

"గాజు వడ్డది బుచ్చమ్మా."

"నాకు గా రంది లేదు. ఉంటే గద పడనీకి!" అని నవ్వబోయి ఆగింది. రాజమణిని కింది నుంచి పైకి చూసింది. "ఓ యవ్వ, సగం మనిషివైనవ్ గదా! నాకే భయమైతాంది."

"నీ సంగపోళ్లే చేసిన్రు!" భద్రమ్మ అరుగు దిగింది.

"మా సంగపోళ్లకు తిననీకె తీరుతలేదు పెద్ద దొరసాని. బానామతి ఎప్పుడు చేస్తరు?" బుచ్చమ్మ తిప్పికొట్టింది గానీ ఒక అడుగు వెనక్కి వేసింది. నమ్మకం లేకపోయినా తాకితే అంటుకుంటుందేమోనన్న అనుమానం ఆమెకూ లేకపోలేదు. దూరం నుంచే అసలు కబురు చెప్పింది. "తొర్రూరు అంగడికి పోయిన. మీ బిడ్డ సరళమ్మను జూసిన. కడుపు కిందికి జారింది, ఇయ్యాలో రేపో. అత్త లేని ఇల్లాయె. 'మా అమ్మను రమ్మను బుచ్చక్కా' అని నా చెయ్యి వట్టుకొని ఏడ్చింది."

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. రోడ్డు మీద రజాకార్ల లారీలు తిరుగుతుంటే నిండు గర్భిణిని బండెక్కించి ఎవరు తెస్తారు? తల్లే పోవాలి.

"పోవద్దు," అంది భద్రమ్మ. "చేతబడి తగిలిన మనిషి పురిటింట్ల అడుగుపెడితే తల్లికీ పిల్లకూ కీడు. నీ పిల్లను నువ్వే సంపుకుంటవా?"

పోకపోతే పిల్ల ఒంటరిది. పోతే తన వెంట ఆ కీడు కూడా పోతుందేమో. తనకు జబ్బు ముదిరిందో, బాగైందో, ఎవరైనా చేశారో తెలిస్తే తప్ప అడుగు పడదు. ఎవరిని అడగాలి? చేశారని అత్త చెబుతున్నవాళ్లనే అడగాలి.

రాజమణి కొంగు కప్పుకొని బయటికి నడిచింది.

సంగంలో చేరిన బోయి పోశాలు ఇల్లు ఊరి ఆ చివర. అతను వాకిట్లో కూర్చొని వల అల్లుకుంటున్నాడు. మేనాకు ముందు కొమ్ము పట్టింది ఎప్పుడూ అతనే. దొరసానిని చూసి అలవాటు కొద్దీ లేవబోయాడు, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కూర్చున్నాడు. కూర్చున్నందుకు ఇబ్బందిపడి మళ్లీ లేచాడు.

"పోశాలు, నిజం జెప్పు. నాకు బానామతి మీరే చేసిన్రా?"

పోశాలు నోరు తెరిచాడు. "మాకు బానామతే వస్తే మా తాత మేనా మోస్తుండునా దొరసాని?"

ఈ మాటకు కోపం తెచ్చుకోవాలా వద్దా అన్నదే రాజమణికి తెలియలేదు.

"సరళ నొప్పులకు దగ్గరున్నది. తొర్రూరు పోవాలె. కూలి ఇస్త. మేనా మొయ్యి."

పోశాలు భుజం మీది తువ్వాలు తీశాడు. మెడకూ భుజానికీ మధ్య మారేడుకాయంత గడ్డ, నల్లగా, నున్నగా, పైన వెంట్రుక కూడా మొలవకుండా. "కూలి ముచ్చట గాదు. ఇగ ఈడ ఏం పెట్టినా ఓర్తలేదు. నువ్వెక్కితే ఆరుగురం మోసేటోళ్లం. నలుగురు మోసేటి మేనా అది."

రాజమణి ఆ గడ్డనే చూస్తూ నిలబడింది. దాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. మేనాకు తెర ఉండేది.

"గడీ కాన్నుంచి ఈడికి ఎట్లొచ్చినవ్?" పోశాలు ఉన్నట్టుండి అడిగాడు.

"నడిచే వచ్చిన."

"నడుమ ఏడన్న కూసున్నవా?"

రాజమణి గుర్తు చేసుకుంది. కూర్చోలేదు. కూర్చోవాలన్న సంగతే తోచలేదు.

"మరి గట్లనే పో," అన్నాడు పోశాలు, మళ్లీ వల అందుకుంటూ. "మా ఆడోళ్లు పోతలేరా?"

మరునాడు పొద్దు పొడవకముందే బయల్దేరింది. తోడు బుచ్చమ్మ. "కూలికి గాదు, ఆ పిల్ల చెయ్యి వట్టుకున్నది గనుక," అని ముందే చెప్పింది. భద్రమ్మ గడప దగ్గర నిలబడి శాపనార్థాలు పెడుతూనే జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. రోడ్డు విడిచి డొంక దారి పట్టారు.

తొర్రూరు అనుకుంటే దారి తరిగేలా లేదు. అందుకని రాజమణి తొర్రూరు అనుకోవడం మానేసింది. ఆ కనబడే తాటిచెట్టు దాకా. అక్కడ కూర్చోవడం, నీళ్లు తాగడం. మళ్లీ ఆ చెలక గట్టు దాకా. బుచ్చమ్మ విసుక్కుంది. "ఇట్ల పోతే మనుమడు ఎదురొచ్చి తోల్కపోతడు దొరసాని!"

"నువ్వు దొరసాని అనుడు బంద్ చెయ్యి. సంగంల జెప్పలేదా?"

"జెప్పిన్రు. మరేమనాలె? అక్కా అంటే నా నాలుక తిరుగుతలేదు."

"తిరిగినప్పుడే అను."

మోకాళ్లు మండాయి. చెప్పుల పట్టీ కింద పాదం పొంగింది. ఒకచోట తుమ్మచెట్టు చాటుకు ఒంటికి పోయింది. పక్కనే చీమల బారు, నోళ్లలో నూకలు పట్టుకొని పోతోంది. రాజమణి లేచి పోకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది. తడిసిన మట్టి దాకా వచ్చిన చీమలు మీసాలు ఆడించి, పక్కకు తిరిగి తమ దారిన పోయాయి. ఒక్కటి ఆగలేదు.

అత్తేమో చీమలు పోతే లక్ష్మి పోయినట్టంది. హకీమేమో చీమలు పడితే జబ్బని అడిగినట్టున్నాడు. అప్పుడు సిగ్గులో ఆ ప్రశ్నను మధ్యలోనే తెంపేసింది. ఇప్పుడు దాని రెండో కొస దొరికినట్టే ఉంది, జారిపోతున్నట్టూ ఉంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

"ఏమైంది? పాము గిట్ల ఉన్నదా?" బుచ్చమ్మ అరిచింది.

"లే. చీమలను జూస్తాన."

"నీకు నిజంగనే చేసిన్రు," అంది బుచ్చమ్మ.

రాజమణికి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త మాట నమ్మితే ఇక్కడి నుంచి వెనక్కి పోవాలి. వెనక్కి పోయినా నడవాల్సిందే. అదేదో ముందుకే నడుద్దామనుకుంది.

తొర్రూరులో కూతురి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. లోపలి నుంచి మూలుగు వినబడింది. గడప దగ్గర రాజమణి కాలు ఆగింది. ఇదొక్కటి దాటితే ఇంక వెనక్కి తీసుకునేది లేదు. మంత్రసాని తల బయట పెట్టి, "తల్లివా? ఇంత ఆలిశమా? కాళ్లు కడుక్కొని రా, ఎనుక పట్టే మనిషి లేదు," అని కసిరింది.

గోలెంలో నీళ్లు తనే ముంచుకొని కాళ్ల మీద పోసుకుంది. లోపలికి నడిచింది.

సరళ గోడకు ఆనుకొని గొంతుకూర్చుంది. తల ఎత్తి చూసి గుర్తుపట్టలేదు. పట్టాక భయపడింది. "అమ్మా! గిట్లైనవేందే? పాణం బాగలేదా?"

"ఏమో బిడ్డా, నాకే తెలుస్తలేదు. జరుగు."

వెనుక మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులూ కూతురి చంకల కింద నుంచి పోనిచ్చింది. అంతలోనే నొప్పి వచ్చింది. సరళ తల్లి మెడ పట్టుకొని ఒళ్లంతా ఆమె మీదే వదిలేసింది. రాజమణి జన్మలో మొదటిసారి ఒక నిండు మనిషి బరువు ఆమె భుజం మీద పడింది. మెడకూ భుజానికీ మధ్య, సరిగ్గా అక్కడ, ఎముక కలుక్కుమంది. మోకాళ్లు మండుతున్నాయి. అయినా నిలిచాయి. ఎలా నిలిచాయో, ఎవరి దయ వల్ల నిలిచాయో ఆమెకు అర్థం కాలేదు.

"బరువైతున్ననా అమ్మా?" నొప్పి సందున సరళ రొప్పుతూ అడిగింది.

"అవును," అంది రాజమణి. "ఇంకింత ఒరుగు."