లియొనీ నేర్పిన పిలుపు

మోర్వాన్ కొండల్లో బురద అంటని బూట్లతో ఎవరు కనిపించినా లియొనీకి గుండెల్లో రాయి పడేది. అలాంటివాళ్లు పారిస్ ఆఫీసు మనుషులే అయివుంటారు. పెంపకానికి ఇచ్చిన అనాథ పిల్లల మెడలో బిళ్ల నంబరు చూస్తారు, బుద్ధి పుడితే పిల్లను ఇంకో ఊరికి మార్చేస్తారు. కిందటేడు పక్కింటి పిల్లను అలాగే తీసుకుపోయారు. పెంచినాయన్ని నాన్నా అంటోందనే అలా చేశారని ఊళ్లో చెప్పుకున్నారు. అదీ ఒక నేరమే!

అందుకే నోటుపుస్తకం పట్టుకుని ఓ పెద్దమనిషి వాకిట్లోకి వస్తుంటే, తనూ, భర్త లాజారూ పెంచుతున్న ఏడేళ్ల ఆల్బీన్‌ను లోపలికి లాగింది.

"లాజార్‌ని ఏమంటావని అడిగితే అయ్యగారు అంటానని చెప్పు. నాన్న అన్నావో, నిన్ను పట్టుకుపోతాడు."

"నాన్న కాదా మరి?"

"చెప్పింది చెయ్యవే!"

వచ్చినాయన సూప్ పోస్తే వద్దనకుండా తాగాడు. తాగి మరీ గొంతు కోసే రకమేమో అనుకుంది లియొనీ.

"పారిస్‌లో కుర్రకారు తండ్రిని 'దరోన్' అంటారమ్మా. ఒకప్పుడు ఆ మాట ఇంటి యజమానికి వాడేవారట. అది తండ్రికి ఎలా వచ్చిందో తేల్చాలని ఊరూరా తిరుగుతున్నాను."

ఒక్క మాట కోసం కొండలెక్కే వెర్రివాడుంటాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడతాడు?

"పాపా, ఈ ఇంటాయన్ని నువ్వేమంటావు?"

ఆల్బీన్ లియొనీ ముఖంలోకి చూసింది. "అయ్యగారు."

"నాన్న అనవా?"

"అనను."

ఆయన రాసుకుని లేచాడు. బిళ్ల జోలికే పోలేదు. లియొనీ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆయన ఎదురింటి గుమ్మంలో ఎనభయ్యేళ్ల ముసలాయన దగ్గర చతికిలబడి, "మీ నాన్నను ఏమని పిలిచేవారు తాతా?" అని అడిగాడు. ఆ ఇంట్లో పెంపకం పిల్లలెవరూ లేరు. లియొనీకి సిగ్గేసింది, ప్రాణం కుదుటపడింది కూడా.

ఇంతలో లాజార్ వచ్చి వాకిట్లో కట్టెల మోపు దించాడు.

"పీడ పోయింది. నాన్నను భోజనానికి పిలువు" అంది లియొనీ.

రోజూ పరుగెత్తి అతని మోకాళ్లకు చుట్టుకునే పిల్ల గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, భోజనానికి రండి."

లాజార్ ఆట అనుకుని నవ్వాడు. ఆల్బీన్ నవ్వలేదు.

"నాన్నా అనవే!" అంది లియొనీ.

"అంటే పట్టుకుపోతారుగా."

"ఎవరూ రారు తల్లీ. ఆయన ఆఫీసు మనిషి కాడు. నా మీద ఒట్టు."

ఇందాక సూప్ పోస్తూ లియొనీ ఆ పెద్దమనిషిని ఎలా చూసిందో, ఆల్బీన్ ఇప్పుడు లియొనీని అలాగే చూసింది.