అరలో కూర్చున్న ఎలుకలు

వీధిలో అందరూ ఆమెని విషాలావిడ అనేవాళ్లు. ఏ మందు మోతాదు దాటితే ఒంట్లో దేన్ని పాడుచేస్తుందో కనిపెట్టడమే మరి ఆమె ఉద్యోగం. పొద్దున్నే ల్యాబుకి రాగానే తెల్లకోటు తొడుక్కుని బతికున్న ఎలుకల్ని ఒక్కొక్కటిగా తూచేది. ఆ తర్వాత అర దగ్గరికెళ్లి, చచ్చిపోయిన ఎలుకల్ని కాస్త పక్కకి జరిపి సీసాలు తీసుకునేది. చచ్చిన ఎలుకలు తమని చంపినదాని దగ్గరికే వచ్చి కూర్చుంటాయి కదా. బరువుండవు, తిండి అడగవు, ఊరికే మీసాలాడిస్తూ ఉంటాయి. గది తుడిచే మనిషి కూడా వాటి చుట్టూ గుడ్డ తిప్పేసి తన దారిన తను పోయేవాడు.

ఆ అరలో ఎలుకలు పెరిగిపోతుండడమే ఆమె బెంగ. కండరాల్లో సత్తువ నిలబెట్టే మందు ఒకటి తయారుచెయ్యాలని ఏళ్ల తరబడి నానా తంటాలూ పడుతోంది. ఎలుకలకి సత్తువైతే వస్తోంది. కానీ నెలలు గడిచేసరికి కిడ్నీలు పాడై చచ్చిపోయి, తిన్నగా వచ్చి అరెక్కుతున్నాయి.

ఒక సోమవారం పెద్దసారు పిలిచాడు. ల్యాబు మొత్తానికి ఆయనదే పెత్తనం.

"శుక్రవారంతో ఈ మందు పని ఆపేద్దామమ్మా."

"ఇంకొక్క విడత చూస్తాను సార్."

"పోయినేడూ ఇదే మాటన్నావు. మందుని చూసి ఎలుకలే అలా క్యూ కడుతుంటే ఇంక నేనేం చెప్పను?"

ఇంటికెళ్లి అక్కకి చెప్పింది. ఆ మందు కావలసిన కండరాల జబ్బు అక్కదే. పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి కంటిరెప్పలు వాలిపోతాయి, చేతులు భుజం దాటి లేవవు, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ మొరాయిస్తుంది. ఈ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతోంది.

"ఆపేసేదేదో నాకిచ్చి ఆపెయ్యండే," అంది అక్క.

"కిడ్నీలు పోతాయక్కా."

"పోతే పోనీ. నాలుగు రోజులు మనిషిలా తిరిగి పోతాను."

"నోర్మూసుకో. నువ్వు కూడా వచ్చి ఆ అరలో కూర్చుంటే నేను ఏ మొహం పెట్టుకుని సీసాలు తియ్యాలి?"

అక్క నవ్వబోయింది కానీ పెదాలు సహకరించలేదు. చెల్లెలికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈ మందుని మాత్రం వదిలేది లేదని ఆ పూటే గట్టిగా అనుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. పెద్దసారు స్వయంగా వచ్చి మందు సీసా తీసుకెళ్లి, తన గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎలుకలు కూడా ఆయన వెనకాలే పోతాయని ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒక్కటి కదిలితే ఒట్టు. అన్నీ అరలో ఆ సీసా పక్కనే ఉండే నీలం డబ్బాకే ముక్కులానించుకుని కూర్చున్నాయి.

అందులో ఉన్నది ద్రావకం. మందు నీళ్లలో కరగదు కాబట్టి దాంట్లో కలిపి ఎలుకలకి పట్టేవాళ్లు. దానివల్ల ఏ హానీ లేదని చదువుకునే రోజుల్నుంచీ వింటున్నదే. అందుకే పోల్చి చూసుకోవడానికి ఉంచిన, మందు పట్టని ఎలుకలకి ఉత్త ద్రావకం పట్టి చూడాల్సింది పోయి, ఉప్పునీళ్లు పట్టి సరిపెట్టేశారు. కుర్రకారు ఎవరైనా ఈ తప్పు చేస్తే ఆమే నిలబెట్టి చివాట్లు పెట్టేది. తీరా చేసింది తనే. నెత్తి కొట్టుకుంది.

డబ్బా చంకలో పెట్టుకుని బయల్దేరితే ఎలుకలన్నీ టపటపా దిగి వెనకాలే వచ్చాయి. పెద్దసారు బల్ల నిండా ఎక్కి కూర్చున్నాయి. పక్కనే బీరువాలో ఉన్న మందు వైపు ఒక్కటీ తల తిప్పలేదు.

"ఇన్నేళ్లూ ఎలా గమనించలేదమ్మా మనం?"

"రెండూ పక్కపక్కనే పెట్టాం కదా సార్. మందు మీదే కూర్చున్నాయనుకున్నాం."

"ఎలుకలు చెప్పాయని రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు."

"ఒప్పుకోవద్దు. మూడు గుంపులు పెడతాను. ఒకదానికి ఉత్త ద్రావకం, ఒకదానికి మామూలు నూనెలో కలిపిన మందు, ఒకదానికి ఉత్త నూనె. మందు గుంపులో ఒక్కదాని కిడ్నీ దెబ్బతిన్నా ఆపేయండి. తాళం నేనే వేస్తాను."

ఆయన బీరువా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ద్రావకం పట్టిన గుంపు కిడ్నీలు పాడయ్యాయి. నూనెలో మందు పట్టినవి మాత్రం నిక్షేపంగా ఉండి, బాగా బలిసి, తూచబోతే ఆమె వేలు కొరికాయి. అక్కణ్ణుంచి మందు మనుషుల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా అక్క రెండుసార్లు ఆసుపత్రిలో ఊపిరి గొట్టంతో పడుకుంది, రెండుసార్లూ పంతం పట్టి ఇంటికొచ్చింది. మనుషుల మీద పరీక్షలో వంతు వచ్చాక, ఆ జబ్బున్న అందరితో పాటే ఆమెకీ మాత్రలిచ్చారు. ఎవరికి అసలు మందో, ఎవరికి ఉత్త మాత్రో ఇచ్చేవాళ్లకీ తెలియదు. చెల్లెలు అడగనూ లేదు.

ఒక సాయంత్రం ఆమె ల్యాబు నుంచి వచ్చి కుర్చీలో కూలబడింది. అక్క కుర్చీ వెనకాలకొచ్చి నిలబడింది.

"ఏంటే ఈ జుట్టు, పిచ్చుక గూడులా? కదలకు."

చిక్కులు తీసి, నున్నగా దువ్వి, బిగించి జడల్లింది. అంతసేపూ అక్క చేతులు కిందికి దిగలేదు.

"నొప్పెడుతోందా, ఏడుస్తున్నావు?" అంది అక్క.

"ఇంకోసారి వెయ్యక్కా," అంది చెల్లెలు, అల్లిన జడ విప్పేస్తూ.