గడియ వైచినారు

ఉక్కునగరం కమ్యూనిటీ హాల్లో కుర్చీలన్నీ నిండాయి. శ్రీరామ్మూర్తికి ఆ రోజు డెబ్భై నిండాయి. అతను రాసిన శతకం ఆ సభలో పూర్తి చేసి, మర్నాడు అచ్చుకి పంపుతారు. నూకరాజు మొదటి వరసలో కూర్చున్నాడు, జేబులో మడత పెట్టిన కాయితంతో. అతని భార్య దేముడమ్మకి శ్రీరామ్మూర్తి అన్న. దేముడమ్మ పోయి ఆరేళ్లయింది.

శతకంలో ఇప్పటికి తొంభైతొమ్మిది పద్యాలు. అన్నిటికీ ఒకటే మకుటం: మారు పలుకవలదు మంచివాడ. పెద్దవాళ్లు చెబితే ఎందుకని అడగకూడదన్న సంగతినే శ్రీరామ్మూర్తి తొంభైతొమ్మిది రకాలుగా చెప్పాడు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ ఈ పాదం నోటికొచ్చు. ఒకరు మూడు పాదాలు చదివితే నాలుగోది అందరూ అందుకునేవారు. పెళ్లి పందిట్లో అందుకున్నారు. దేముడమ్మ పదోరోజున కూడా అందుకున్నారు.

పోయిన నెల శ్రీరామ్మూర్తి సబ్బవరం నుంచి పనిగట్టుకుని వచ్చాడు.

"నూరోది నువ్వు సెప్పాల, బావా. ఇంటల్లుడివి."

"తొంభైతొమ్మిదికే ఆయాసం వచ్చిందేటి?"

"ఎటకారాలొద్దు. మనూరి బళ్లో గణాలు సరిగ్గా నేర్సింది నువ్వొక్కడివే."

"ఏది రాసినా అచ్చేత్తావా?"

"అచ్చరం మార్సను. సరేనా?"

నూకరాజు సరేనన్నాడు. ఆరేళ్లుగా కడుపులో దాచిన మాట ఆ మనుషుల ముందే చెప్పాలి. మూడు పాదాలు విన్నాక నాలుగోది అనడానికి ఒక్కరికీ నోరు రాకూడదు. అతనికి కావలసింది అంతే.

ఆరేళ్ల కిందట ఆ మధ్యాహ్నం దేముడమ్మ గుండె పట్టుకుని వంటగదిలోంచి వచ్చింది. ఆసుపత్రి స్కూటర్ మీద పది నిమిషాలు. నూకరాజు తాళాలు చేతిలోకి తీసుకుని, ఏ పనికైనా అడిగినట్టే బావకి ఫోన్ చేశాడు. శ్రీరామ్మూర్తి పంచాంగం చూసి, వర్జ్యం నడుస్తోందనీ మూడింటిదాకా గడప దాటొద్దనీ చెప్పాడు. దేముడమ్మ అప్పటికే చెప్పులేసుకుంది. "ఎల్దామయ్యా" అంది. తలుపు గడియ పడింది. మూడింటికి లేపితే ఆమె లేవలేదు. అందరూ గుండెపోటన్నారు. నిజమే. మధ్యలో గంటన్నర ఏమైందని ఎవరూ అడగలేదు.

సభలో శ్రీరామ్మూర్తి అతన్ని వేదిక మీదికి పిలిచి, మైకు అందించి పక్కనే నిలబడ్డాడు. నూకరాజు కాయితం విప్పాడు.

నొప్పి వచ్చెననిన నుండుమన్నారయా
వర్జ్యమనిరి గడియ వైచినారు
గడియ తీయునపుడు గాలి లేదొంటిలో

అక్కడ ఆపి మైకు దించాడు. ఎవరూ నోరు విప్పలేదు.

తర్వాత వెనక వరసల్లోంచి మొదలైంది. "మారు పలుకవలదు మంచివాడ." రెండు వందల గొంతులు, ఎప్పటి రాగంలోనే. ఆపైన చప్పట్లు. దేముడమ్మ పిన్ని వరహాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూనే మకుటం అంది, ఒత్తుకోవడం అయ్యాక చప్పట్లు కొట్టింది. తన పెదాలు కూడా కదిలాయని నూకరాజుకి పాదం అయిపోయాకే తెలిసింది.

శ్రీరామ్మూర్తి ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. దగ్గరికి జరిగి, మైకుకి వినబడకుండా అన్నాడు.

"గణాలు కుదిరాయి. మాట కుదర్లేదు, బావా."

"ఏ మాట?"

"వైచినారన్నావు. ఎవులు?"

నూకరాజు కాయితం మడవబోతే శ్రీరామ్మూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వర్జ్యమన్నది నాను. నానప్పుడు సబ్బవరంలో ఉన్నాను. ఫోను నువ్వింకా పెట్టలేదు. అది ఎల్దామన్నాది. ఆనక గడియ సప్పుడు. ఆరేళ్లుగా నా సెవిలోనే ఉంది."

"మరి ఈ పుస్తకం ఎందుకు అచ్చేత్తన్నావు?"

"ఆపితే తప్పొప్పుకున్నట్టు గదా."

కింద జనం భోజనాలకి లేస్తున్నారు. కుర్చీలు గీరుకుంటున్నాయి. నూకరాజు కాయితంలో రెండో పాదం మీద వేలు పెట్టాడు. వెధవ గడియ, నూనె లేక బిగుసుకుపోయి ఉండేది. ఆ రోజు రెండు చేతులతో నెట్టాల్సి వచ్చింది.

అతను శ్రీరామ్మూర్తి జేబులోంచి పెన్ను లాక్కుని, రెండో పాదం చివర 'రు' కొట్టేసి 'ను' రాశాడు. వర్జ్యమనిరి గడియ వైచినాను. బళ్లో మేస్టారు నేర్పినట్టు వేళ్ల మీద గణాలు వేసి చూసుకున్నాడు. ఎక్కడా తప్పలేదు.

కాయితం శ్రీరామ్మూర్తి చేతిలో పెట్టాడు.

"అచ్చరం మార్సనన్నావు" అన్నాడు.