రాతిగోడ మీది పొర

అంగారకుడి మీద చాలా రాళ్ళకు సన్నటి పొర పట్టి ఉంటుంది. ప్రతి రాయికీ పరారుణ కాంతిలో కొలిస్తే గ్రాఫు మీద తనదైన గీత ఒకటి వస్తుంది. పొర ఉంటే మాత్రం రాయి గీత దాగిపోయి, పొర గీతే కనబడుతుంది. రాజమండ్రిలో నాగదుర్గ పీహెచ్‌డీ చేస్తున్నది ఆ గీతల మీదే. ఆమె చదివే రాళ్ళ దగ్గరికి ఏ రోవరూ వెళ్ళలేదు. అందుకని అలాంటి పొర ఉన్న రాయి కోసం ఇక్కడే వెతికింది.

కొవ్వూరు అవతల ఒక నల్లరాతి క్వారీ అంచున దొరికింది. మనిషెత్తు రాతిగోడ, దాని మీద గాజులా మెరిసే తెల్లటి పొర. మూడేళ్ళపాటు ప్రతి వానాకాలానికి ముందూ తర్వాతా వచ్చి, గుర్తులు పెట్టిన పన్నెండు చోట్ల పరికరం ఆనించి కొలిచింది. వాన పడ్డ ప్రతిసారీ పొర పిసరంత మందమవుతున్నట్టు తోచింది. నాలుగో ఏడు కూడా కొలిస్తే గట్టిగా చెప్పవచ్చు.

జూన్ మొదట్లో అబ్బులు ఫోన్ చేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ క్వారీలో పేలుడు మందు పెట్టడానికి రాతికి బెజ్జాలు వేసే మనిషి. గురువారం ఆ గోడ పేలుస్తారని చెప్పాడు.

నాగదుర్గ యజమాని దగ్గరికి పరుగెత్తింది. ఆయన కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, లీజు కాగితాలు చూపించాడు. గోడ ఆయన హద్దులోనే ఉంది. గనుల శాఖ ఆఫీసులో అడిగితే అనుమతులన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. ఆమె గైడు సురేష్‌బాబు గారు పేలుడు ఆపమని ఆ శాఖకు ఉత్తరం రాశారు గానీ, గురువారంలోగా జవాబు రాదని ఆయనకూ తెలుసు.

బుధవారం, కనీసం కొన్ని ముక్కలైనా తీసుకుందామని వెళ్ళింది. అబ్బులే ఉలి పట్టాడు. మొదటి దెబ్బకే పొర గుడ్డు పెంకులా చిట్లి రాలింది. ఇంకోచోట మరింత నెమ్మదిగా కొట్టాడు. అక్కడా అంతే.

"ఇంకోలా తీయలేమా, అబ్బులు గారూ?"

"రాయైతే తీయగలనండి. మీకు కావాల్సింది రాయి కాదు కదండి."

తనను బెజ్జాలు వేయొద్దంటే మానేస్తానన్నాడు. తను కాకపోతే రేపు ఇంకొకడొస్తాడనీ అన్నాడు. వద్దంటే అతని పని పోతుంది, గోడ ఎలాగూ ఉండదు.

"వేసేయండి," అంది చివరికి.

గురువారం పది గంటలకు సైరన్ మోగింది. ఎర్రజెండా ఇవతల, రోడ్డు మీద నిలబడి చూసింది. కాళ్ళ కింద నేల అదిరింది. దుమ్ము తగ్గాక అబ్బులు లోపలికి వెళ్ళి, కుప్పలన్నీ వెతికి, అరచేతంత పొర నిలిచిన ముక్క ఒకటి తెచ్చిచ్చాడు. అది గోడలో ఏ చోటిదో తెలియదు. గుర్తు లేని ముక్క లెక్కకు రాదు. ఆ మాట అతనితో అనలేక, తువ్వాలులో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

ఆ ఏడు గోదావరి జిల్లాల్లో వానలు బాగా పడ్డాయి. మూడేళ్ళ కొలతలతో ఆమె ఒక సైన్సు పత్రికకు పంపిన వ్యాసం అక్టోబరులో తిరిగొచ్చింది. నాలుగో వానాకాలం కొలతలు కూడా జతచేయమన్నారు. రాతిగోడ ఇప్పుడు లేదని రాసింది. అలాగైతే పొర పెరుగుతోందని చెప్పడానికి వీల్లేదని జవాబొచ్చింది. వాళ్ళన్నదీ తప్పు కాదు. ఇంకో గోడ వెతుక్కుందామన్నారు సురేష్‌బాబు గారు. ఫెలోషిప్ మార్చితో అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

పొర వానతో పెరుగుతోందన్న వాక్యాన్ని నాగదుర్గ తానే కొట్టేసి, వ్యాసం మళ్ళీ పంపింది.